మా పెరడు: చలినాళ్లలో బదనిక



కార్తీకము వచ్చినదనిన మన యిండ్లలో నీటికి ప్రాధాన్యము హెచ్చును. తెల్లవారకమునుపే స్నానము, తులసికోటకు చెంబెడు నీళ్లు, ఉసిరిచెట్టుకు చెంబెడు, మిగిలినవి కంటబడిన ప్రతి మొక్క మొదటను గ్రుమ్మరించి లోనికి వచ్చుట మన కలవాటు. మొక్కకు నీళ్లుపోయుట పుణ్యమని నేర్చిన చేతులు మనవి. ఆ చేతులతోడనే మేము మా యింట నొక మొక్కను చంపితిమి, దాని తోడిదానిని చావునకు దాపుగా గొనిపోయితిమి. అది బదనిక, ఆర్కిడుల జాతిది. దానిని చలికాలము దాటించుట యెట్లో ఆలస్యముగా నేర్చుకొంటిమి గావున, మీకు మావలె నష్టము రాకుండుటకై యీ నెల పుటను దానికే విడిచితిమి.

ఆర్కిడు లనగానే పెండ్లివేదికలపై గ్రుచ్చెడు ఊదారంగు పూలకొమ్మలు చాలమందికి స్ఫురించును. అవి విమానములలో వచ్చు పూవులనియు, మనబోటి యిండ్లలో బ్రతుకవనియు తలంతురు. మన శ్రీకాకుళము, విజయనగరము సీమల మామిడితోపులలో నొకమారు తలయెత్తి చూడుడు. కొమ్మను కావలించుకొని, పట్టీలవంటి దళసరి యాకులు రెండు వరుసలుగా పేర్చుకొని, తెల్లని త్రాళ్లవంటి వేళ్లను గాలిలోనికి వ్రేలాడవిడిచిన మొక్క కనబడవచ్చును. ఎండలు ముదిరిన పిమ్మట దానికి పూవులు వచ్చును. రేకులు పసుపుకలిసిన యాకుపచ్చన. వానిమీద నేతచీరపై గళ్లవలె గోధుమరంగు గళ్లు. నడుమ పెదవివంటి రేకుమాత్రము ఊదారంగు. సువాసన గలదు. శాస్త్రజ్ఞులు దీనిని వాండా టెస్సెల్లేటా యందురు. ఆ రెండవమాటకు గళ్లుగలది యనియే యర్థము. మొదటిమాట మనదే. సంస్కృతమున వందా యను పేరునే సర్ విలియం జోన్సుగారు పదునెనిమిదవ శతాబ్దాంతమున శాస్త్రమునకు గొనిపోయిరి. ఈ పూవును సామర్లకోటలో తోట పెంచిన రాక్సుబర్గుగారు తమ కోరమాండలు తీరపు మొక్కల గ్రంథములో 1795లోనే వర్ణచిత్రముతో ప్రకటించిరి. కావున ఇది మన తీరమునుండియే లోకమునకు పరిచయమైన పూవని చెప్పుకొనుటకు సందేహింప నక్కరలేదు.

పేరు విషయమున మాకు చిన్ననాటినుండియు నొక చిక్కు గలదు. మా తండ్రిగారు మాకు అమరము చెప్పునప్పుడు వనౌషధివర్గములో వందా యను మాటకు పర్యాయపదములుగా వృక్షాదని, వృక్షరుహ యను రెండును వచ్చినవి. వృక్షాదని యనగా చెట్టును తినునది. వృక్షరుహ యనగా చెట్టుమీద మొలచునది. తినుటయు మొలచుటయు నొకటి యెట్లగునని మేమడిగితిమి. "కోశము పేర్లు చెప్పును గాని తగవులు తీర్చదమ్మా" అని వారు నవ్వి ముందునకు సాగిరి. ఆ తగవు మరల మా అత్తవారింట మామిడిచెట్టు క్రింద తలయెత్తినది.

మా అత్తవారిది పలాస దాపున ఉద్దానములో నొక పల్లె. పెరట మా మామగారి తండ్రిగారు నాటిన మామిడి యుండెడిది. దాని కొమ్మలపై బదనికలు నాలుగైదు గుబురులుండెను. తోటపని చేయు కంబారి వానిని చూచినప్పుడెల్ల "అమ్మగారూ, ఇది సెట్టు రగతం తాగేస్తాదండి" అనెడివాడు. అత్తగారును ఆ మాటనే నమ్మి, రెండేండ్లకొకమారు నిచ్చెన వేయించి గీకించెడివారు. మేమొకసారి అడ్డుపడి వృక్షరుహ యను పేరు చెప్పబోతిమి. "చదువుకొన్నదానవు, నీకు పేర్లు తెలియును, నాకు చెట్టు తెలియును" అనిరి. మేము మాటాడలేదు.

ఇందులో వారి తప్పు కొంతయే. మన వాడుకలో బదనిక యనుమాట రెండు వేఱు మొక్కలకు చెల్లుచున్నది. ఒకటి నిజముగా చెట్టును తినునదే. దాని యాకులు మామూలు కొమ్మల యాకులవలె నుండును. పక్షులు దాని పండ్లు తిని జిగురుగల విత్తును మఱియొక కొమ్మకు రాయగా, అక్కడనే మొలచి, బెరడును చీల్చుకొని వేరును కఱ్ఱలోనికి దింపి చెట్టు పీల్చిన నీటిని తాను పీల్చుకొనును. పట్టినచోట కొమ్మ కణుపువలె ఉబ్బి, దాని కావలిభాగము క్రమముగా ఎండిపోవును. దానిని కోయించుట మంచిది. ఉబ్బుకు క్రిందుగా కొమ్మతో సహా కోయింపవలెను. రెండవది ఆర్కిడు. దీని వేళ్లు బెరడుమీదనే ప్రాకును గాని లోనికి దిగవు. గోటితో మెల్లగా ఎత్తిన లేచివచ్చును, క్రింద బెరడు చెక్కుచెదరక యుండును. చెట్టునుండి అది పుచ్చుకొనునది నిలువనీడ మాత్రమే. వర్షపునీరు, మంచు, ఆకులు కుళ్లి జారిన కొలదిపాటి సారము, ఇవియే దాని యాహారము. గీకించుటకు మునుపు ఆకును గాక వేరును చూడుడు.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసవైపున తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలు ఏమైనవో ఆ ప్రాంతపు సోదరీమణులకు మేము చెప్పనక్కరలేదు. మా మామిడియు వేళ్లతో పెకలి పెరటిగోడపై పడెను. మేము విజయనగరమునుండి పోవునప్పటికి అత్తగారు పడిన మానుప్రక్కన పీట వేసికొని కూర్చుండియుండిరి. కఱ్ఱ కోయువారు వచ్చి బేరమాడుచుండిరి. అంత ఆమె లేచి, మోకాలి యెత్తున నున్న యొక కొమ్మను చూపి, "ఆ ముక్క అమ్మను. దానిని నీవు తీసికొనిపో" అని మాతో ననిరి. చూడగా దానిపై బదనికలు రెండున్నవి. ఆమె యెన్నడును సహింపని మొక్కలవి. చెట్టులో ప్రాణముతో మిగిలినవి అవి మాత్రమే.

దుంగను తెచ్చి పెరటివసారాలో దూలమునకు వ్రేలాడగట్టితిమి. అది కార్తీకము. అత్తగారును మాతో వచ్చిరి. ఆమె చూచుచుండగా ఆ మొక్కలను నిర్లక్ష్యము చేయుదుమా? వేకువజామున తులసికి పోసిన పిమ్మట వానికి పోసితిమి. సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట మరల పోసితిమి. వేళ్లకు చలి తగులునని తడిపిన కొబ్బరిపీచు చుట్టితిమి. వారమునకొకనాడు బియ్యపుకడుగు. ధనుర్మాసములో పొగమంచు పట్టి రెండుమూడు దినములు ఎండ సరిగా రాకపోయినను మా భక్తి తగ్గలేదు. పుష్యమాసాంతమున ఆకులు ముడుతలు పడినవి. దాహమనుకొని మఱియు పోసితిమి. మాఘమున నొకనాడు పీచు విప్పి చూడగా, పెద్దమొక్క వేళ్లు నల్లబడి, పట్టుకొన్న తొక్క యూడి లోని దారము మాత్రము చేతికి వచ్చినది. కుళ్లినవాసన. మొదలు మెత్తబడి ఆకులు ఒక్కటొక్కటే రాలి నాలుగు దినములలో అది పోయినది. చిన్నదానికి మూడువేళ్లు మాత్రము మిగిలినవి. అత్తగారు చూచి, "పోనీలే అమ్మా, చెట్టే పోయినది" అనిరి. ఆమె కోపించియున్న బాగుండునని మాకు తోచినది.

ఆ పిమ్మట గదా పుస్తకములు తెఱచితిమి!

ఈ మొక్క వేరు మన గులాబి వేరువంటిది కాదు. పైన తెల్లగా కనబడునది బోలుగానున్న నిర్జీవకణముల పొర. నీరు తగిలినంతనే అది బూరుగుదూదివలె క్షణములో పీల్చుకొని, లోపలి సజీవమైన వేరునకు మెల్లమెల్లగా నందిచ్చును. తడిసినప్పుడు ఆ పొర పారదర్శకమై లోపలి యాకుపచ్చదనము కనబడును. ఆరగనే మరల వెండివలె తెల్లనగును. వేరు పచ్చగానున్నంతవరకు దానికి దాహము లేదు. తెల్లబడి కొంతసేపైన పిమ్మటనే నీరు. ఇంతకంటె సులభమైన గురుతు మఱి యే మొక్కయు నీయదు. తడి వదలకున్నచో ఆ పొరలో గాలికి చోటుండదు. ఊపిరాడక లోపలి వేరు చచ్చును, చచ్చినదానిని బూజు పట్టును. ఆకులు ముడుతలు పడుట నీరు చాలనందున కావచ్చును, నీరు హెచ్చి వేళ్లు కుళ్లినందునను కావచ్చును. పైకి రెండును ఒక్కటిగనే యుండును. మేము చేసిన తప్పు అదియే. ఆకు ముడిగినప్పుడు చెంబును పట్టుకొనక వేరును పట్టి చూడుడు. గట్టిగా తెల్లగా నున్న దాహము. నల్లగా మెత్తగా నున్న కుళ్లు.

వేరు కొనను గూడ చూడవలెను. మొక్క పెరుగు దినములలో కొన అంగుళమున్నర మేర లేత పచ్చగానో, ఎఱుపు కలిసిన పచ్చగానో మెఱయుచుండును. చలి వచ్చి పగళ్లు చిన్నవగునప్పటికి పెరుగుట మందగించి ఆ తెల్లనిపొర కొనవరకును కప్పుకొనును. అనగా మొక్క తలుపు వేసికొని పండుకొన్నదని యర్థము. పండుకొన్నవారికి మేల్కొలిపి అన్నము పెట్టుట మర్యాద కాదు.

కొండలపై మంచు కురియుచుండగా అక్కడి ఆర్కిడులు బ్రతుకుట లేదా యని మీరడుగవచ్చును. మావారును అట్లే యడిగిరి. అరకు, చింతపల్లి ప్రాంతములలో పుష్యమాసపు రాత్రులు మన తీరముకంటె ఎంతయో చల్లన. లంబసింగిలో సున్న డిగ్రీల దాపునకు దిగిన రాత్రులును కలవు. చెట్లపై మొక్కలు తెల్లవారునప్పటికి మంచుతో తడిసియుండును. కాని ఆ తడి యెంత? ప్రొద్దెక్కి గాలి వీచిన కొంతసేపటికే ఆరిపోవును. పిమ్మట మఱునాటి తెల్లవారువరకు దానికి నీరులేదు. మేము చుట్టిన పీచు ఆరుటకు మూడుదినములు పట్టెడిది, మేము రోజునకు రెండుమారులు పోయుచుంటిమి. విజయనగరములో చలిరాత్రులు సాధారణముగా పదునేడు పదునెనిమిది డిగ్రీల ప్రాంతమున నుండును. ఈ చలికి బదనిక భయపడదు. చలిలో నిలిచిన తడికే భయము.

ఈ తప్పు చేసినది మేమొక్కరమే కాదని తెలిసినప్పుడు కొంత ఊరట కలిగినది. ఆంగ్లేయ ప్రభువులకు పందొమ్మిదవ శతాబ్దమున ఈ పూవులపై వ్యామోహము పట్టి, మన దేశమునుండియు ఇతర ఉష్ణదేశములనుండియు ఓడలకు ఓడలు తెప్పించుకొనిరి. ఉష్ణదేశపు మొక్క గదా యని అద్దపుటిండ్లలో మూసి, బొగ్గులు కాల్చి, ఎల్లవేళల ఆవిరిలో ఉడుకబెట్టిరి. లెక్కకు మిక్కిలిగా చచ్చినవి. చాట్స్‌వర్తులో డెవన్‌షైరు ప్రభువుగారి తోటను చూచుచుండిన జోసెఫ్ పాక్‌స్టన్ గారి వంటివారు గాలి రానిచ్చి, మొక్క పుట్టిన చోటి శీతోష్ణములను బట్టి వేఱువేఱు గదులలో నుంచిన పిమ్మటనే అవి నిలద్రొక్కుకొన్నవి. 1850లో జోసెఫ్ హుకర్ గారు ఖాసీకొండలలో నీలపు వాండాను ఏడుగురు మోయునంత ప్రోగుచేసి క్యూ తోటకు పంపగా, కొద్దిమొక్కలు మాత్రమే సజీవముగా చేరినవట. ఏడు మోతల మొక్కలు! అవి యుండిన చెట్లు ఆ యేడు బోసిగా నుండియుండునని మాకు తోచును.

ఇక మా వాడుక చెప్పెదము. పైడితల్లమ్మవారి సిరిమానోత్సవము వెళ్లినది మొదలు నీళ్లు తగ్గింప నారంభింతుము. తుపానువానలు ఆ దినములలోనే కదా. వాన తడిసినవారము పోయుటే లేదు. కార్తీకము నడుమకు వచ్చుసరికి దుంగపై కట్టిన మొక్కకు మూడుదినముల కొకమారు, ధనుర్మాసమున నాలుగైదు దినముల కొకమారు. పొగమంచు దట్టముగా నున్నదినము గడువు వచ్చినను పోయము. బొగ్గులు, పెంకుముక్కలు నింపిన చిల్లులకుండలో పెట్టిన మొక్కయైన వారము పదిదినముల కొకమారు చాలును. వ్రేలు లోనికి దూర్చి చూచిన తెలియును. పీచుమాత్రము చలికాలమున వలదు. వేసవిలో మరల చుట్టుకొనవచ్చును, అదియు ఉప్పు పోవునట్లు రెండుమూడు నీళ్లలో నానబెట్టి పిండిన పిమ్మట.

వేళ ముఖ్యము. ఎండ వసారాలోనికి వచ్చిన పిమ్మట, ఎనిమిది తొమ్మిది గంటలకు పోసిన మధ్యాహ్నమునకు ఆరును. సాయంకాలము పోసినది తెల్లవారువరకు ఆకుల సందులలో నిలిచియుండును. నడితలలో నిలిచిన నీరు మొవ్వును కుళ్లజేయును. పొరబాటున నిలిచినచో గుడ్డపేలికతో అద్ది తీయుడు. నీరు బావిదైన అప్పుడే తోడినది పోయుడు. చలిదినములలో బావినీరు గోరువెచ్చగా నుండుట మనకందఱకు తెలిసినదే. రాత్రియంతయు ఇత్తడిబిందెలో నున్న నీరు చేతికే జిల్లుమనును, వేరున కెట్లుండును? కుళాయినీరు వెడల్పుపాత్రలో పట్టి యొకదినము విడిచి పోయుట మేలు. వర్షపునీరు దాచుకొన్నవారు ధన్యులు.

వెలుతురు సంగతి మఱవరాదు. చలికాలమున సూర్యుడు దక్షిణమునకు వాలును గావున వేసవిలో ఎండ సోకని దక్షిణపువసారాలోనికి ఎండ లోపలిదాక వచ్చును; ఉత్తరపువైపు బోసిపోవును. మేము సిరిమాను వెళ్లగనే మొక్కను తూర్పు మూలకు మార్చి రథసప్తమి దాటినపిమ్మట యథాస్థానమునకు తెత్తుము. ఆకు నల్లనిపచ్చగా, పొడుగుగా సాగుచున్నచో వెలుతురు చాలలేదు. పసుపుతిరిగిన లేతపచ్చగా గట్టిగానున్న సరిపోయినది. ఎరువు పుష్యమాసమున నెంతమాత్రమును వలదు. ఫాల్గుణమున వేరుకొనలు పచ్చబడిన పిమ్మట, పొట్లముమీద వ్రాసిన దానిలో నాలుగవవంతు పలుచన చేసి పదునైదు దినముల కొకమారు. పొలుసుపురుగు ఆకు వెనుక పట్టిన కుంకుడునురుగులో ముంచిన గుడ్డతో తుడిచిన పోవును. ఇంతే.

కుళ్లు పట్టినదని తెలిసిన నాడు వెఱవక, చాకును మంటపై కాల్చి చల్లార్చి, మెత్తబడిన వేళ్లన్నియు గట్టిభాగమువరకు కోసివేయుడు. కోసినచోట దాల్చినచెక్క పొడి అద్దుడు. బాగున్న వేళ్లకు తగులనీయకుడు, అది వానిని ఎండగట్టును. ఎండ తగులని, గాలి యాడుచోట వారముదినములు నీరులేక వ్రేలాడదీయుడు. మా చిన్నమొక్క మూడువేళ్లతో ఇట్లే బ్రతికినది.

అంగడిలో కొన్న సంకరజాతి డెండ్రోబియములు, తెల్లని పెద్దపూల ఫాలెనాప్సిసులు బదనికకంటె సుకుమారములు. తీరమున నున్నవారు వానిని రాత్రులు లోపల పెట్టుకొనిన చాలును. శీతలదేశములందున్న మన ఆడపడుచుల కష్టము వేఱు. మా పినతండ్రిగారి కుమార్తె కెనడాలో నున్నది. బయట మంచు, లోపల వేడియంత్రము. ఆమె ఫాలెనాప్సిస్ పూలన్నియు వాడి, ఆకులు మెత్తబడినవని దీనముగా వ్రాసినది. ప్రశ్నించగా తెలిసినదేమన, కిటికీప్రక్క బాగుగా వెలుతురు వచ్చుచోటనే యుంచినది గాని ఆ కిటికీక్రిందనే వేడిగాలి గొట్టమున్నది. అక్కడి చలికాలపు శత్రువు తడి మాత్రమే కాదు, లోపలి గాలి అప్పడమువలె ఎండిపోవుటయు. గులకఱాళ్లు నింపిన పళ్లెములో నీరుపోసి, కుండ అడుగు నీటికి తగులకుండ ఱాళ్లపై నుంచుమనియు, ఆకు చల్లని అద్దమునకు ఆనకుండ జరుపుమనియు, వేళ్లు తెల్లబడినప్పుడే గోరువెచ్చని నీటితో తడిపి పూర్తిగా ఓడ్చివేయుమనియు వ్రాసితిమి. ఎవరో మంచుగడ్డలు పెట్టుమని చెప్పిరట. ఉష్ణదేశపు వేరుమీద మంచుగడ్డ పెట్టుటకు మాకు మనసొప్పలేదు. రాత్రివేళ గది పదునైదు, పదునాఱు డిగ్రీలకు చల్లబడినను భయము లేదు. మూడునాలుగు వారములట్లుండిన దానివలననే పూకాడ పుట్టును.

ఆమె ఇంటనే మఱియొకటి, డెండ్రోబియం నోబిలీ, ఆకులు రాల్చి కఱ్ఱపుల్లలవలె నున్నదట; పాఱవేయుదునా యని యడిగినది. వలదు వలదు! అది హిమాలయపు మొక్క. చలికాలమున దాదాపు నీరులేక, పది డిగ్రీల ప్రాంతపు చల్లని రాత్రులలో, వెలుతురున్నచోట అట్లే యుండవలెను. జాలిపడి నీరుపోసితిమా, వసంతమున పూవులకు బదులు కణుపులవద్ద పిల్లమొక్కలు పుట్టును. పిల్లలు ముచ్చటయే గాని పూవులు చూడగోరినవారికి నిరాశ.

ఒకమాట చెప్పక తప్పదు. ఇది చదివి సీతంపేట, సాలూరు కొండలవైపు పోయినప్పుడు చెట్లనుండి మొక్కలు పెఱుకుకొని రావలదు. రక్షితారణ్యమునుండి మొక్క తెచ్చుట శాసనవిరుద్ధము. శాసనము లేకున్నను, కాయలో విత్తులు పిండివలె లెక్కకు మిక్కిలిగ నున్నను ఒక్కొక్క విత్తులో పిడికెడన్నము సంగతి యటుండ మెతుకైనను లేదు. అది మొలచుటకు ఒకవిధమైన బూజు దానికి ఆహార మందింపవలెనని 1899లో నోయెల్ బెర్నార్డు అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుగొనెను. అమెరికాలో నడ్సన్ గారు 1922లో చక్కెర కలిపిన జెల్లీపై బూజుతో పనిలేకయే మొలిపించుట చూపిరి. నేటి తోటలలోని మొక్కలకు ఆ పద్ధతియే ఆధారము. అడవిలో విత్తు పూవగుటకు ఏండ్లు పట్టును. తోటలలో పెంచినవి కొనుడు. తుపానులో పడిన చెట్టుమీదిది, కోయబోవు పెరటికొమ్మమీదిది కాపాడుకొనుడు. తోపులలో నట్టివి తఱచుగనే దొరకును. వంగదేశమున దీని వేళ్లను రాస్నయను మందుగా వాడుదురు గాని, ఆ పేరు వేఱుచోట్ల వేఱు మొక్కలకు చెల్లుచున్నది గావున ఇంటివైద్యమునకై దీనిని త్రవ్వవలదని మా మనవి.

మా చిన్నమొక్క 2021వ సంవత్సరము వైశాఖమున మొదటిసారి పూచినది. ఆఱుపూవులు. అత్తగారికి కన్నులు మసక. ముక్కు దగ్గఱకు తీసికొనిపోయి, "మా చెట్టుమీద ఇంత వాసన యుండెడిదని నాకు తెలియదే" అనిరి. ఎట్లు తెలియును, పూచువఱకు ఉండనిచ్చిన గదా! మేము ఆ మాట పైకి అనలేదు.

ఈ యేడు మఱియొక చిక్కు వచ్చినది. మామిడిదుంగ పుచ్చిపోవుచున్నది. చివికిన కఱ్ఱ పీచుకంటె ఎక్కువగా నీరు పట్టి విడువదు. మొక్కను ఊడదీసి క్రొత్తకఱ్ఱకు కట్టవలెను. చలిలో వేళ్లు పెరుగవు గావున ఇప్పుడు కదలించిన పట్టుకొనజాలదు. అంతకంటె ముఖ్యముగా అత్తగారు ఆ దుంగ విడువరు. "అది కూడ తీసిపాఱవేసితిమేని ఇక నాకేమి మిగిలినది?" అని యొకమారు అనిరి. రెండుదినములు ఆలోచించి, మావారు వేపకఱ్ఱ పలక యొకటి చెక్కి తెచ్చిరి. దానిని దుంగ ప్రక్కన ఆనించి గోగునారతో కట్టితిమి. మొక్కను తాకలేదు. వేళ్లు మేల్కొనిన పిమ్మట తమంతట తామే క్రొత్తకఱ్ఱమీదికి ప్రాకును. నార తానే చివికి పడిపోవును. దుంగవైపు నీళ్లు పడకుండ, వేళ్లకు మాత్రము చేతితో చిలుకరించుచున్నాము.

ప్రతిదినము ప్రొద్దుట అత్తగారు పీట వేసికొని దానిక్రింద కూర్చుండి "చలి పోయినదా?" అని యడుగుచున్నారు. ఇంకను లేదని చెప్పుచున్నాము. నిన్న ఒకవేరు కొనయందు ఆవగింజంత పచ్చదనము కనబడినది. ఆమె చేయి పట్టి దానిమీద నుంచితిమి.